పాత తెలుగు పుస్తకాలను స్కాన్ చేసి అందరికీ అందుబాటులో పెట్టడం: చిన్న లైబ్రరీలకు సమగ్ర మార్గదర్శి

ఒక ఊరి లైబ్రరీ కమిటీ చందాలు పోగేసి, మనుషుల్ని పెట్టి, పాత పుస్తకాలన్నీ స్కాన్ చేయించింది. పనైపోయాక ఆ హార్డ్ డిస్కును కూడా పుస్తకాల బీరువాలోనే పెట్టి తాళం వేశారు. మూడేళ్ల తర్వాత నేను అడిగితే తీసి చేతికిచ్చారు. చూస్తే ఫోల్డర్ల పేర్లు ‘న్యూ ఫోల్డర్ 1’, ‘న్యూ ఫోల్డర్ 2’ అని వరసగా ఉన్నాయి. తెరిస్తే గానీ ఏది ఏ పుస్తకమో తెలీదు. కొన్నిటికి టైటిల్ పేజీయే లేదు. ఇదేంటని అడిగితే, ‘అది చిరిగిపోయి ఉందండీ, బాగుండదని వదిలేశాం’ అన్నారు. స్కానింగ్‌కు వంక పెట్టడానికి లేదు. చదివేవాళ్లకు మాత్రం ఒక్క పుట కూడా అందలేదు.

నాలుగైదు బీరువాల పాత పుస్తకాలు, ఇద్దరు ముగ్గురు వాలంటీర్లు, కొద్దిపాటి డబ్బు ఉన్న లైబ్రరీ కోసం రాస్తున్న గైడ్ ఇది. పెద్ద సంస్థలకు వేరే దారులున్నాయి. తాళపత్రాల జోలికి ఇందులో వెళ్లడం లేదు. వాటిని ముట్టుకోవాలంటే ఆ విద్య తెలిసినవాళ్లు పక్కన ఉండాలి.

1. ఇప్పటికే ఉన్నవాటిని పక్కన పెట్టండి

కెమెరా కొనకముందే చేయాల్సిన పని ఇది. తెలుగులో ఇప్పటికే చాలా పుస్తకాలు స్కాన్ అయి ఉన్నాయి. చిత్తూరు జిల్లాలో పుట్టి, అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన రాజ్ రెడ్డి చొరవతో మిలియన్ పుస్తకాల ప్రాజెక్టు నడిచింది. అందులో మన దేశపు భాగమే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా (డీఎల్ఐ). తర్వాత ఆ సైటు మూతపడింది. అప్పటికే కార్ల్ మాలముద్ నడిపే పబ్లిక్ రిసోర్స్ సంస్థ లక్షల పుస్తకాలను ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత ఆన్‌లైన్ లైబ్రరీలోకి ఎక్కించి ఉండబట్టి సరిపోయింది. లేకపోతే అంత శ్రమా బూడిదలో పోసిన పన్నీరే అయ్యేది.

కాబట్టి ముందు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వెతకండి. తర్వాత వాలంటీర్లు పాత పుస్తకాలను టైపు అక్షరాల్లోకి మార్చి పెట్టే తెలుగు వికీసోర్స్‌లో, ఖరగ్‌పూర్ ఐఐటీ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీలో, గూగుల్ బుక్స్‌లో చూడండి. పాత పత్రికలైతే ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించినవి ఉన్నాయేమో కనుక్కోండి.

వెతకడంలో ఒక చిక్కుంది. డీఎల్ఐ పుస్తకాల పేర్లను తెలుగు లిపిలో కాకుండా ఇంగ్లిష్ అక్షరాల్లో, ఎవరికి తోచినట్టు వాళ్లు ఎక్కించారు. ‘శతకము’ అనే మాటను ఎస్‌తో ఒకరు, ఎస్‌హెచ్‌తో ఒకరు, టీ పక్కన హెచ్ చేర్చి ఇంకొకరు రాశారు. అందుకని నాలుగు రకాల స్పెల్లింగులతో వెతికాకే ‘లేదు’ అనే మాటకు రండి. దొరికినా సంబరపడిపోకుండా ఆ స్కాన్‌ను మొదటి నుంచి చివరిదాకా తిప్పి చూడండి. మధ్యలో పుటలు ఎగిరిపోయినవి, అంచులో అక్షరాలు తెగిపోయినవి చాలానే కనిపిస్తాయి. అలాంటి పుస్తకం మీ దగ్గర నిక్షేపంగా ఉంటే మళ్లీ స్కాన్ చేయడంలో తప్పులేదు.

ఈ జల్లెడ పట్టాక మిగిలేది సాధారణంగా మీ ప్రాంతపు సరుకే. జిల్లా ప్రెస్సులో అచ్చైన శతకం, ఊరి స్థలపురాణం, నాటక సమాజం వేసుకున్న చిన్న పుస్తకం, కులసంఘం పత్రిక, లైబ్రరీ వార్షికోత్సవ సంచిక, ఇలాంటివి. ఇంకెక్కడా దొరకనివి అవే గనుక వాటితోనే మొదలుపెట్టండి. పేరున్న రచయితల పుస్తకాలకు దిక్కు ఎలాగూ ఉంది.

2. హక్కుల లెక్క

అందరూ భయపడేదీ, అందరూ తప్పు చేసేదీ ఇక్కడే. ‘పాత పుస్తకమే కదా, ఎవరడుగుతారు’ అనేవాళ్లు ఒకవైపు, ‘కాపీరైట్ గొడవలు మనకెందుకు’ అని గురజాడను కూడా తాళం వేసి ఉంచేవాళ్లు ఇంకోవైపు. లెక్క నిజానికి తేలికే.

మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, రచయిత బతికుండగా అచ్చైన పుస్తకం మీద హక్కు ఆయన జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు ఉంటుంది. చనిపోయిన ఏడాది తర్వాతి జనవరి 1 నుంచి ఆ 60 ఏళ్లు లెక్కపెడతారు. ఇంకా తేలిగ్గా చెప్పాలంటే చనిపోయిన ఏడాదికి 61 కలపండి. ఆ ఏడాది జనవరి 1న పుస్తకం అందరిదీ అవుతుంది. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి 1961లో పోయారు, 2022 నుంచి ఆయన రచనలు స్వేచ్ఛగా వాడుకోవచ్చు. జాషువా 1971లో పోయారు, 2032 దాకా ఆగాలి. పుస్తకం ఎప్పుడు అచ్చైందన్నది ఈ లెక్కలోకి రాదు. ఎంత పాతబడినా సరే, విశ్వనాథ 1930లలో అచ్చువేసిన పుస్తకాన్ని 2037కు ముందు మీరు బయట పెట్టకూడదు, ఎందుకంటే ఆయన పోయింది 1976లో.

ఈ 60 ఏళ్ల వెనక చిన్న కథ ఉంది. మొదట్లో అది 50 ఏళ్లే. 1941లో పోయిన రవీంద్రనాథ్ ఠాగూర్ రచనల మీద విశ్వభారతి హక్కు 1991తో తీరిపోతుందనగా, ఆ డిసెంబరు చివర్లో ఆర్డినెన్సు తెచ్చి గడువును పదేళ్లు పెంచారు. 1940 ముగిసేలోపు పోయిన రచయితల పుస్తకాలు అప్పటికే స్వేచ్ఛ పొందాయి కాబట్టి వాటికి ఈ పొడిగింపు తగల్లేదు. ఈ 1940 అనే గీత కింద మళ్లీ పనికొస్తుంది, గుర్తుంచుకోండి.

రచయిత పేరు లేని పుస్తకాలకూ, మారుపేరుతో వచ్చి అసలు మనిషెవరో తెలియని పుస్తకాలకూ, ప్రభుత్వ ప్రచురణలకూ, రచయిత పోయాక తొలిసారి అచ్చైనవాటికీ గడువు ప్రచురణ నుంచి 60 ఏళ్లు. ఇక్కడ మాత్రం అచ్చైన ఏడాదితోనే పని.

ఇక చిక్కులు. అనువాదమైతే మూల రచయితతో పాటు అనువాదకుడి లెక్క కూడా విడిగా చూడాలి. పాత ప్రబంధానికి 1970లో ఒక పండితుడు టీక రాస్తే, పద్యాలు అందరివీ, టీక ఆయనదీ. పీఠికదీ, బొమ్మలదీ ఇదే సంగతి. పత్రిక సంచికలో పాతికమంది రాసి ఉంటారు, ప్రతి ఒక్కరిదీ వేరే లెక్క. అందుకే మాసపత్రికలతో మొదలుపెట్టకండి. పుస్తకాల మీద చేయి తిరిగాక వాటి పని చూడొచ్చు.

గడువు తీరని పుస్తకం శిథిలమైపోతుంటే? స్కాన్ చేయండి. లాభాపేక్ష లేని పబ్లిక్ లైబ్రరీ, తన దగ్గర అచ్చు ప్రతి ఉన్న పుస్తకాన్ని భద్రపరచడానికి ఎలక్ట్రానిక్ రూపంలో దాచుకోవచ్చని 2012 సవరణ సెక్షన్ 52(1)(ఎన్)లో చేర్చింది. దాచుకోవచ్చు అన్నారే గానీ నెట్‌లో పెట్టొచ్చు అనలేదు. అలాంటి ఫైళ్లను వేరే ఫోల్డర్లో ఉంచి, ఏ ఏడాది తెరవొచ్చో ఫోల్డర్ పేరులోనే రాసేయండి. చూపులేని పాఠకుల కోసం చదువుకోగలిగే రూపంలోకి మార్చి ఇవ్వడానికి అదే సెక్షన్‌లో వేరే మినహాయింపు ఉంది. ఈ విషయమై కుదిరిన మరాకెష్ ఒప్పందాన్ని 2014లో అన్ని దేశాలకంటే ముందు ఆమోదించింది మనమే.

ఇంకో దారి వారసుల్ని అడగడం. ఊరి రచయిత అయితే కొడుకో మనవరాలో దగ్గర్లోనే ఉంటారు. వాళ్లింటికి పుస్తకం ప్రతి పట్టుకెళ్లండి. ‘తాతగారి పుస్తకం మీ దగ్గర ఇంకా ఉందా!’ అని ఆశ్చర్యపోయేవాళ్లే ఎక్కువ. నోటిమాట సరిపోదు. ఏ పుస్తకం, ఏ లైసెన్సు, సంతకం చేస్తున్నవాళ్లకు ఉన్న హక్కేమిటి అన్నవి ఒక కాగితం మీద ఉండాలి. రచనను అందరూ పంచుకోనిచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్సుల్లో సీసీ బై-ఎస్‌ఏ (పేరు చెప్పి, అదే షరతుతో ఎవరైనా వాడుకోవచ్చు అనేది) ఇస్తే వికీసోర్స్‌లో కూడా పెట్టొచ్చు. ‘వాణిజ్యానికి వాడకూడదు’ అనే షరతు పెడితే అక్కడికి పనికిరాదు. ఈ తేడా సంతకానికి ముందే విడమరిచి చెప్పండి. వారసులు నలుగురుంటే నలుగురూ సంతకం పెట్టాలి.

హక్కుదారు ఎవరో అంతు దొరక్కపోతే లైసెన్సు కోసం చట్టంలో సెక్షన్ 31-ఎ అనే దారి ఉంది. చిన్న లైబ్రరీ పడలేని ప్రయాస అది. దాచి ఉంచండి, తెరవకండి.

3. కమిటీ తీర్మానం

స్నేహితుడైన సెక్రటరీ గారి మాట మీద పని మొదలుపెట్టకండి. ఏ పుస్తకాలు, ఎవరు, ఎక్కడ తీస్తారు, ఫైళ్లు ఎక్కడ పెడతారు అన్నవి నాలుగు వాక్యాల్లో మినిట్స్ పుస్తకంలోకి ఎక్కాలి. శాఖా గ్రంథాలయమైతే జిల్లా గ్రంథాలయ సంస్థ నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. పుస్తకాన్ని భవనం దాటించకూడదని కూడా అందులో రాయించండి. బయటికెళ్లిన పుస్తకం తిరిగొచ్చేదాకా లైబ్రేరియన్‌కు పడే టెన్షన్ ఆ పనికే చేటు.

4. సరంజామా

లక్షలు పోసి స్కానర్ కొననవసరం లేదు. ఆఫీసుల్లో ఉండే ఫ్లాట్‌బెడ్ స్కానర్ మాత్రం వద్దు. పుస్తకాన్ని బోర్లించి నొక్కాలి, ఆ దెబ్బకు వెన్ను విరుగుతుంది. కాగితాలు మింగే ఫీడర్ స్కానర్ అయితే బైండింగ్ కోసేయమంటుంది. అరుదైన ప్రతికి ఆ మాట ఎత్తకండి.

పైనుంచి ఫొటో తీసే ఏర్పాటు చాలు. స్టాండుకు బిగించిన కెమెరా గానీ మంచి ఫోన్ గానీ, రెండు పక్కల నుంచి 45 డిగ్రీల వాలుగా పడే రెండు తెల్లటి ఎల్ఈడీ లైట్లు, పుస్తకం పూర్తిగా పరుచుకోకుండా వీ ఆకారంలో పట్టే తొట్టి. ఈ తొట్టిని వడ్రంగి ఒక పూటలో చేసిస్తాడు. పుట వంకర తీయడానికి పలచటి గాజుపలక, అంచులు నూరినది. ఫ్లాష్ ఆపేయండి.

ఎంత స్పష్టత కావాలి? తెలుగుకు 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) అంటే బొటాబొటి. వత్తులు చిన్న టైపులో ఉంటాయి, క-వత్తా త-వత్తా అన్నది అక్కడే తేలాలి. 400 పెట్టుకోండి. ఫోన్ కెమెరా 12 మెగాపిక్సెళ్లదైతే పొడవు దిక్కున సుమారు 4000 పిక్సెళ్లు వస్తాయి. ఎనిమిదిన్నర అంగుళాల పుటను ఒక్కదాన్నే ఫ్రేము నిండా తీస్తే, అంచులకు కొంత పోయినా 400 దాటుతుంది. రెండు పుటలు కలిపి తీస్తే 350 లోపుకు పడిపోతుంది. తొందర కోసం రెండేసి తీయకండి.

డిస్కు లెక్క కూడా వేసుకోండి. అయిదున్నర బై ఎనిమిదిన్నర అంగుళాల పుట, 400 డీపీఐ, రంగుల టిఫ్ (నాణ్యత తగ్గని బొమ్మ ఫైలు) అంటే కుదించకుండా సుమారు 22 ఎంబీ. 200 పుటల పుస్తకం నాలుగున్నర జీబీ. వంద పుస్తకాలు 450 జీబీ. ఒక టెరాబైట్ డిస్కు రెండొందల పుస్తకాలకే నిండిపోతుంది. డబ్బు లేకపోతే ఎక్కువ నాణ్యతతో తీసిన జేపీజీలనే అసలు ప్రతిగా ఉంచుకోవచ్చు. శాస్త్రం ఒప్పుకోకపోయినా, స్కానే లేకపోవడం కన్నా అది మేలు.

5. పుస్తకాన్ని చేతిలోకి తీసుకోవడం

1900 నుంచి 1950 దాకా వచ్చిన చవక ముద్రణల కాగితం పుల్లగుజ్జుతో చేసింది. అందులోని ఆమ్లం కాగితాన్ని లోపల్నుంచే తినేస్తుంది. అంచులు గోధుమరంగులోకి తిరుగుతాయి, మూల మడిస్తే అప్పడంలా విరిగి చేతిలోకొస్తుంది. నేను మొదటిసారి అలాంటి పుటను వేలికి తడి చేసుకుని తిప్పబోతే, పక్కనున్న పెద్ద లైబ్రేరియన్ గారు చేయి పట్టుకున్నారు. ‘ఆగు నాయనా, తడి తగిలితే మరక, లాగితే ముక్క. కింది మూల పట్టకు, పక్క అంచు మధ్యలో పట్టుకుని ఎత్తు’ అన్నారు. పలచటి ప్లాస్టిక్ స్కేలును పుట కిందికి జొనిపి, దాని మీద పుటను ఆనించి తిప్పడం కూడా ఆయన నేర్పిందే. అప్పటి నుంచి అలాగే చేస్తున్నాను.

చేతులు కడిగి, పొడిగా తుడుచుకుంటే చాలు. గ్లౌజులు వేసుకుంటే వేలికి స్పర్శ తెలియక చింపేస్తారు. మెత్తటి కుంచెతో దుమ్ము వెన్ను వైపు నుంచి బయటికి దులపండి. చిరిగిన పుటకు సెలోఫేన్ టేపు అంటించకండి, పదేళ్లలో అది పచ్చబడి అక్షరాలతో సహా లేస్తుంది. చెదలు, బూజు ఉన్న పుస్తకాల్ని వేరే బల్ల మీద, మాస్కు పెట్టుకుని చూడండి.

అడ్డకుట్టు పుస్తకాలు మనకు ఎక్కువ. పక్కనుంచి పిన్నులు కొట్టో దారంతో కుట్టో బైండు చేసినవి. అవి పూర్తిగా తెరుచుకోవు, లోపలి అంచులో రెండు మూడు అక్షరాలు దాక్కుంటాయి. బలవంతంగా పరిస్తే కుట్టు తెగుతుంది. అలాంటి చోట కెమెరాను కొంచెం పక్కకు వాల్చి, కుడి పుటలన్నీ ఒక దఫా, ఎడమ పుటలన్నీ మరో దఫా తీయండి. తర్వాత కలుపుకోవచ్చు.

ఏమీ వదలకండి. ముందు అట్ట, లోపలి అట్ట, ఖాళీ పుటలు, లైబ్రరీ ముద్ర, ‘ఈ పుస్తకం ఫలానా వారిచే బహూకరింపబడినది’ అన్న రాత, చివర్లో పుస్తకాల ప్రకటనలు, తప్పొప్పుల పట్టిక, వెనక అట్ట, అన్నీ తీయాలి. నాకైతే ఆ ప్రకటనలే ఎక్కువ ఇష్టం. ఇవాళ ఒక్క ప్రతీ దొరకని పుస్తకం పేరు, వెలతో సహా అక్కడ కనిపిస్తుంది. ‘వెల 0-8-0’ అని ఉంటే ఎనిమిదణాలు.

ఇద్దరు కూర్చోండి. ఒకరు పుట తిప్పి తీస్తుంటే రెండోవాళ్లు తెర మీద పుట సంఖ్య పైకి చదవాలి. ‘నలభై ఆరు, నలభై ఏడు...’ అని చదువుతుంటే యాభై ఎగిరిపోతే వెంటనే తెలిసిపోతుంది. పుస్తకం బీరువాలోకి వెళ్లిపోయాక పట్టుకున్న తప్పుకు మూడింతల పని.

6. శుభ్రం చేయడం

స్కాన్‌టెయిలర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ పని మొత్తం చేస్తుంది. దిక్కు సరిచేయడం, పుటలు విడదీయడం, వంపు తీయడం, అక్షరాలున్న భాగం గుర్తించడం, అంచులు, చివరికి అవుట్‌పుట్. అన్నీ వరసలోనే ఉంటాయి. ఒక్క హెచ్చరిక. పుటను మరీ తెల్లగా, మరీ నల్లగా చేయాలని మోజు పడకండి. ఆ మోజులో అరసున్నలు, సన్నటి తలకట్లు మాయమైపోతాయి. అసలు ఫొటోల ఫోల్డర్‌ను ముట్టుకోకుండా, ప్రతి మార్పూ కాపీ మీదే చేయండి. పీడీఎఫ్ మీద లైబ్రరీ పేరు అడ్డంగా వాటర్‌మార్క్ వేయకండి. పేరు కోసం ఆరాటం ఎవరికైనా ఉంటుంది గానీ, ఆ ముద్ర కింద అక్షరాన్ని కంప్యూటర్ చదవలేదు, కళ్లజోడు పెట్టుకున్న మనిషి కూడా తిట్టుకుంటూ చదువుతాడు. మీ లైబ్రరీ పేరును వివరాల్లో రాయండి.

7. పుస్తకం వివరాలు

ఈ పనికి స్కానింగ్‌కు పట్టినంత టైమూ కేటాయించండి. మొదట్లో చెప్పిన హార్డ్ డిస్కు ఓడిపోయింది ఇక్కడే.

ఒక స్ప్రెడ్‌షీట్ తెరవండి. పుస్తకం పేరు టైటిల్ పేజీలో ఉన్నది ఉన్నట్టుగా తెలుగు లిపిలో, పక్క గడిలో అదే ఇంగ్లిష్ అక్షరాల్లో. ఇంగ్లిష్ అక్షరాలకు ఏదో ఒకే పద్ధతి ఎంచుకుని చివరిదాకా దానికే కట్టుబడండి. రచయిత పేరు ఇంటిపేరుతో సహా, పుట్టిన, పోయిన ఏడాదులు. పీఠిక రాసినవారు, అనువాదకులు, బొమ్మలు వేసినవారు విడివిడిగా. ప్రచురణకర్త, ముద్రణాలయం, ఊరు, కూర్పు ఎన్నోది, ఏడాది, పుటలు, వెల, మీ యాక్సెషన్ నంబరు (లైబ్రరీ రిజిస్టరులో ఆ పుస్తకానికి ఉన్న నంబరు), హక్కుల సంగతి. చివరిది మరిచిపోయేది, కానీ అసలైనది: ఏ పుటలు లేవు, ఏవి చిరిగాయి.

రచయిత పేరును నాలుగు పుస్తకాలకు నాలుగు రకాలుగా రాయకండి. టైటిల్ పేజీలో ‘బ్రహ్మశ్రీ’, ‘కవిశేఖర’, ‘విద్వాన్’ ఏమున్నా ఒక గడిలో అలాగే ఎక్కించి, వెతికే గడిలో మాత్రం బిరుదులు తీసేసిన ఒకే రూపం ఉంచండి.

ఏడాది దగ్గర చాలామంది తడబడతారు. పాత పుస్తకాల్లో క్రీస్తు శకం ఉండకపోవచ్చు. ‘ప్రమోదూత నామ సంవత్సర జ్యేష్ఠము’ అని మాత్రమే ఉంటుంది. అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగొస్తుంది కాబట్టి అది 1870 వేసవీ కావచ్చు, 1930 వేసవీ కావచ్చు. ఏదో తేల్చడానికి పక్క ఆధారాలు వెతకాలి. ముద్రణాలయం ఎప్పటిది? రచయిత పుట్టిందెప్పుడు? వెల రూపాయి-అణా-పైలలో ఉందా, నయాపైసల్లో ఉందా? దశాంశ నాణేలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న, కాబట్టి నయాపైసల వెల ఉంటే అంతకు ముందుది కాదు. ఇంకో మెలిక ఏమిటంటే తెలుగు సంవత్సరం ఉగాదికి మొదలై మరుసటి ఏడాది ఉగాది దాకా నడుస్తుంది. ప్రమోదూత పుష్యం అంటే చాలావరకు 1931లో పడుతుంది. ఎటూ తేలకపోతే ‘1930-31 కావచ్చు’ అని రాయండి. ఊహించిన ఏడాదిని ఖాయం చేసి రాయడం మాత్రం వద్దు, పరిశోధకులు దాన్నే పట్టుకుని ముందుకెళ్లిపోతారు. తెలుగు అంకెల్లో ౧౯౨౪ అని ఉంటే 1924 అని మార్చి రాయండి, అంకెలతో వెతికేవాళ్లకు దొరుకుతుంది.

8. ఆర్కైవ్‌లోకి ఎక్కించడం

సొంత వెబ్‌సైట్ పెట్టాలనే కోరిక కమిటీలో ఎవరికో ఒకరికి కచ్చితంగా ఉంటుంది. డీస్పేస్, ఒమెకా లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్న మాట నిజమే. కానీ సర్వర్ అద్దె ఏటా ఎవరు కడతారు, అప్‌డేట్లు ఎవరు చేస్తారు, ఆ కుర్రాడు ఉద్యోగమొచ్చి వెళ్లిపోతే ఎవరు చూస్తారు? ఈ మూడిటికీ పేరు పేరునా జవాబు లేకపోతే ఆ కోరిక మానుకోండి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా పెట్టొచ్చు, అక్కడే చదవొచ్చు, దించుకోవచ్చు.

లైబ్రరీ పేరుతో ఒక ఈమెయిల్ తెరిచి దానితో ఖాతా తీయండి. వాలంటీరు సొంత ఈమెయిల్ వద్దు. మొదటి పుస్తకాన్ని పరీక్ష కలెక్షన్‌లోకి ఎక్కించి చూసుకోండి, అక్కడివి 30 రోజుల తర్వాత తీసేస్తారు. ఎక్కించేటప్పుడు ఐడెంటిఫయర్ అనే గడిని రెండుసార్లు సరిచూడండి. పుస్తకం చిరునామా అదే, తర్వాత మీరు మార్చలేరు. ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో పుస్తకం పేరు, రచయిత ఇంటిపేరు, ఏడాది, మధ్యలో అడ్డగీతలు, ఇలా ఒక పద్ధతి పెట్టుకోండి. భాష గడిలో తెలుగు ఎంచుకోవడం మరిచిపోతే అక్షరాలు గుర్తించే యంత్రం వేరే భాషగా చదివి చెత్త ఇస్తుంది. హక్కుల గడిలో, గడువు తీరిన పుస్తకమైతే పబ్లిక్ డొమైన్ అని పెట్టండి. స్కాన్ మాది కాబట్టి హక్కు కూడా మాదే అని రాసుకోవడం సరికాదు. 1915లో పోయిన గురజాడ మాటలకు 2026లో మీరు కొత్త కంచె వేసినట్టవుతుంది.

పది పుస్తకాలు చేత్తో ఎక్కించాక విసుగొస్తుంది. అప్పుడు వాళ్ల కమాండ్‌లైన్ పనిముట్టు (ఆదేశాలు టైపు చేసి నడిపే ప్రోగ్రామ్) వాడితే, 7వ అడుగులో చేసిన స్ప్రెడ్‌షీట్ నుంచే వరసగా ఎక్కిపోతాయి. 50 పుస్తకాలయ్యాక మీ లైబ్రరీ పేరుతో ఒక కలెక్షన్ ఇవ్వమని ఆర్కైవ్‌కు రాయొచ్చు.

9. బొమ్మ నుంచి అక్షరాల్లోకి

పీడీఎఫ్ పెట్టినంత మాత్రాన లోపలి మాట వెతికితే దొరకదు. ఓసీఆర్, అంటే బొమ్మలోని అక్షరాలను గుర్తించే సాఫ్ట్‌వేర్ కావాలి. కొత్త అచ్చుకు తెలుగు ఓసీఆర్ ఇప్పుడు బాగానే పనిచేస్తోంది. పాత అచ్చు దగ్గరే తడబాటు. మ, వు ఒకదానికొకటి మారిపోతాయి. అరసున్న, చుక్క మరక ఒకేలా కనిపిస్తాయి. బండి ఱ గల్లంతవుతుంది. అన్నిటికన్నా వలపలగిలకతో (ర్ అనే ధ్వనికి అక్షరం పక్కన వేసే పాత గుర్తు) పెద్ద తిప్పలు. పాత పుస్తకంలో ‘ధర్మము’ను మ పక్కన గిలక వేసి అచ్చేస్తారు. యంత్రం ఆ గిలకను తెలుగు తొమ్మిది అంకె అనుకుని ‘ధమ౯ము’ అని ఇస్తుంది. ‘ధర్మము’ అని వెతికేవాడికి అది ఎప్పటికీ తగలదు.

అందుకే మనిషి దిద్దాలి, దానికి తెలుగు వికీసోర్స్ ఉంది. పీడీఎఫ్‌ను ముందు వికీసోర్స్ వాడుకునే ఫైళ్లుండే వికీమీడియా కామన్స్ సైటులో పెట్టాలి. ఆర్కైవ్ నుంచి నేరుగా అక్కడికి పంపే పనిముట్టు కూడా ఉంది. తర్వాత వికీసోర్స్‌లో ‘సూచిక’ పేజీ తయారుచేస్తే, దాని కింద ఒక్కో పుటకూ ఒక్కో ‘పుట’ పేజీ వస్తుంది. ఒకవైపు స్కాన్, ఇంకోవైపు అక్షరాలు. ఓసీఆర్ బొత్తం నొక్కి, వచ్చినదాన్ని దిద్దుతారు. దిద్దని పుట ఎరుపు, ఒకరు దిద్దితే పసుపు, రెండోవారు సరిచూస్తే ఆకుపచ్చ. ఈ పనికి లైబ్రరీకి రావక్కర్లేదు. డల్లాస్‌లో ఉన్న మీ ఊరి అమ్మాయి రాత్రి అన్నం తిన్నాక రెండు పుటలు దిద్దొచ్చు, రిటైరైన తెలుగు మాస్టారు వరండాలో కూర్చుని దిద్దొచ్చు. అచ్చుతప్పును అలాగే ఉంచాలా, సరిచేయాలా అనే వాదన మొదటి వారంలోనే వస్తుంది. ఉన్నది ఉన్నట్టే ఉంచడం అక్కడి మర్యాద.

ఇక 1940 గీత. కామన్స్ సర్వర్లు అమెరికావి, అందుకని పుస్తకం మన దేశంలోనే కాక అమెరికాలో కూడా స్వేచ్ఛ పొంది ఉండాలంటారు. 1940 ముగిసేలోపు పోయిన గిడుగు, పానుగంటి, కందుకూరి లాంటివాళ్లు బతికుండగా అచ్చువేసిన వాటితో ఏ పేచీ లేదు. తర్వాత పోయినవారి పుస్తకాలు 1996 జనవరి 1 నాటికి మన దేశంలో ఇంకా హక్కుల కింద ఉన్నాయి కాబట్టి, అమెరికాలో వాటికి తొలి ప్రచురణ నుంచి 95 ఏళ్ల లెక్క పడుతుంది. 1943లో పోయిన త్రిపురనేని రామస్వామి చౌదరి పుస్తకాలు ఇక్కడ 2004 నుంచే అందరివీ. అయినా ఆయనది ఏదైనా 1935లో తొలిసారి అచ్చై ఉంటే కామన్స్ 2031 దాకా ఒప్పుకోదు. వాలంటీర్లు నెలలు దిద్దాక ఫైలు తొలగిస్తే గుండె పగులుతుంది. ముందే చూసుకోండి.

10. కాపీలు

మూడు ప్రతులు. ఒకటి లైబ్రరీలో, రెండోది వేరే డిస్కు మీద వేరే ఊళ్లో, మూడోది నెట్‌లో. డిస్కులు మూడు నాలుగేళ్లకోసారి మార్చండి. ఫైళ్ల చెక్‌సమ్‌ల (ఫైలు ఏమాత్రం మారినా మారిపోయే గుర్తింపు సంఖ్యల) జాబితా ఒకటి తయారు చేసుకుని ఏడాదికోసారి పోల్చి చూస్తే, ఏ ఫైలు చెడిపోయిందో తెలుస్తుంది. మీ పీడీఎఫ్‌ను ఇంకెవరో దించుకుని వాళ్ల సైటులో పెట్టుకుంటే కోపం తెచ్చుకోకండి. డీఎల్ఐ పుస్తకాలు బతికి బట్టకట్టింది అలాగే.

11. ఎవరైనా అభ్యంతరం చెబితే

కలెక్షన్ పేజీలో లైబ్రరీ ఈమెయిల్ ఇవ్వండి. వారసులమని ఎవరైనా రాస్తే, వాదనకు దిగకుండా ఆ రోజే పుస్తకాన్ని కనబడకుండా చేసి, ఆ తర్వాత తీరిగ్గా లెక్క చూడండి. లెక్క మీవైపు ఉంటే మర్యాదగా ఏడాదులు చూపించి మళ్లీ పెట్టండి. మీదే తప్పయితే క్షమాపణ చెప్పి తీసేయండి. ఫిర్యాదు చేయడానికొచ్చినవాళ్లే, పుస్తకం చూసి మురిసిపోయి అనుమతి రాసిచ్చి వెళ్లిన సందర్భాలూ ఉన్నాయి.

12. జనవరి 1

ఈ పనికి ఏడాదికి ఒక పండగ రోజుంది. తెరవకూడదని పక్కన పెట్టిన ఫోల్డర్లలో ఆ ఏటి గడువు తీరినవాటిని జనవరి 1న ఆర్కైవ్‌లోకి ఎక్కించడమే. డిసెంబరులోనే వివరాలు సరిచూసి సిద్ధం చేసుకోండి. మేం బీరువా తలుపు లోపలివైపు ఒక అట్టముక్క అంటించాం. ఎవరు ఎప్పుడు వస్తారో దాని మీద స్కెచ్ పెన్నుతో రాసి ఉంటుంది: జాషువా 2032, విశ్వనాథ 2037, చలం 2040, కృష్ణశాస్త్రి 2041, కొడవటిగంటి కుటుంబరావు 2041, శ్రీశ్రీ 2044. కింద ఇంకా చాలా ఖాళీ ఉంచాం.